మూత తీయని డబ్బా

మా చిన్నప్పుడు... ఇంట్లో ఎవరికైనా నొప్పులు మొదలైతే ముడులన్నీ విప్పేవాళ్లు, మూతలన్నీ తీసేవాళ్లు. అట్లా చేస్తే కాన్పు సులువవుతుందని నమ్మకం. అమ్మకు రెండో కాన్పు నొప్పులు వచ్చిన పొద్దున, అవ్వ ఆ పని నాకు అప్పజెప్పింది. నాకప్పుడు ఏడేళ్లు.

"ఒక్కటీ మర్సొద్దు పాపా!" అంది.

కుండల మూతలు, ఉట్టి ముడి, చెనక్కాయల మూటలు, దూడ పలుపు... అమ్మ జడ కూడా నేనే విప్పాను.

మాది శింగనమల దగ్గర పల్లె. నన్ను ఆసుపత్రిలో అమ్మ కడుపు కోసి తీశారట. అందుకే నాయన ఆటో పిలుస్తానన్నాడు.

"మళ్లా కడుపు కోపిచ్చల్లనా? ఇదన్నా ఇంట్లో కానీరా!" అని అవ్వ కసిరింది.

మధ్యాహ్నం అమ్మ అరుపులు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"చూస్తివా, నా మనవరాలు మూతలు తీసిన గుణం! నొప్పి నిలిచింది. రవ్వంతసేపు పండుకోనీ" అని అవ్వ నా తల నిమిరింది. నేనెంత మురిసిపోయానో...

అమ్మ మాత్రం "భుజం నొస్తాందత్తా... కండ్లు తిరుగుతాండాయి" అని గొణిగింది. ముఖం సున్నంలా తెల్లబడింది. నాయన ఇంకెవరి మాటా వినలేదు. ఆటో తెచ్చాడు.

దారిలోనే అమ్మ పోయింది. కడుపులో తమ్ముడు కూడా...

"యాడనో ఒక ముడి మర్సినామే తల్లీ!" అని అవ్వ గుండెలు బాదుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. బియ్యం బానల వెనక నా రేకు డబ్బా. అవ్వకు తెలియకుండా తీసుకున్న బెల్లం ముక్క అందులో దాచాను. దొరికిపోతానని దాని మూత తీయలేదు.

పదిహేడేళ్లు ఎవరికీ చెప్పలేదు. పెళ్లయ్యాక మా ఆయనకు కూడా.

పోయిన ఏడాది నేను కడుపుతో ఉన్నప్పుడు, ఆసుపత్రిలో నర్సక్క అడిగింది, మీ అమ్మ ఎట్లా పోయిందని. అన్నీ చెప్పేశాను... డబ్బా సంగతి కూడా.

ఆమె రాయడం ఆపింది. "పిచ్చి తల్లీ, పాత కుట్టు కాడ గర్భసంచి పగిలింటాది. యాడనో ఒకరికి అయితాది అట్లా. నొప్పులు నిలిచిపోయింది అందుకే. నీ డబ్బా ఏం జేస్తాది?" అంటూ నా చెయ్యి పట్టుకుంది.

నా తప్పు కాదని తెలిసినా ఏడుపు ఆగలేదు. అమ్మ లోపల అట్లా అవుతుంటే నేను మురిసిపోయాను కదా...

ఇప్పుడు మా ఊళ్లో ఎవరూ మూతలు తీయరు. ఫోన్ చేస్తే బండి వస్తుంది. మంచిదే. కానీ నా కాన్పు రోజు, బండి ఎక్కే ముందు ఒక్క నిమిషం ఆగమని, లోపలికి వెళ్లి, మా పుట్టింట్లో ఇన్నేళ్లూ బానల వెనకే ఉన్న ఆ డబ్బా మూత తీసి పెట్టి వచ్చాను.

మీ ఇళ్లల్లోనూ చిన్నపిల్లలకు ఈ పని చెప్పేవారా... మీరూ ఏదైనా మూత మరిచిపోయారా? రాయండి. నా కూతురు ఆ డబ్బాతోనే ఆడుకుంటోంది. మూత మాత్రం నేను ఇంకా పెట్టలేదు...