త్రాసుకు వేలాడిన ఆవకాయ

ఈ ఉదయం ఫోను తనంతట తానే ఒక పాత వీడియో చూపించింది. అందులో ఉన్నవి: అత్లోన్ అనే ఐరిష్ ఊళ్లో నేను ఒక గది అద్దెకు తీసుకున్న ఇంటి మెట్లు, కింద పరిచిన రెండు దిండ్లు, సూట్‌కేసులు తూచే ముల్లు త్రాసు, దాని కొక్కేనికి గుడ్డసంచిలో ఆవకాయ సీసా, పైమెట్టు మీద నేను. స్లోమోషన్‌లో తీస్తున్నది ఇంటి ఆంటీ కూతురు. అప్పటికి పదేళ్లది.

మావాళ్లలో ఎవరు ఇండియా వెళ్లొచ్చినా అందరి పచ్చళ్లూ మోసుకురావాల్సిందే. ముందురోజే విజయవాడ నుంచి దిగిన ఆంటీ ఎవరి సీసా వాళ్లకు వేరుచేసి హాల్లో పెట్టింది. ఆ పక్కనే హోంవర్కు చేసుకుంటున్న పాప, అంతరిక్షంలో మనుషులు ఎందుకు తేలతారంటే "నో గ్రావిటీ అప్ దేర్, అన్నా" అంది. నాలోని ఇంజినీరు ఊరుకోలేదు. అక్కడా భూమి లాగుతూనే ఉంటుందనీ, నౌకా అందులోని మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారనీ, పాదాలను ఎదురు నొక్కే నేల లేదు కాబట్టి బరువు తెలియదనీ చెప్పాను.

"ప్రూవ్ ఇట్, సో."

చేతికందిన సీసాను త్రాసుకు తగిలించి, రెండింటినీ కలిపి వదిలేశాను.

దిండు మీద పడ్డ సీసా ఎగిరి గోడకు కొట్టుకుని పగిలింది. చప్పుడుకు ఆంటీ వంటింట్లోంచి వచ్చింది. ఆ సీసా కాజిల్‌బార్ ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు అక్కది. వాళ్లమ్మ పెట్టి పంపింది. దానికోసమే అక్క మధ్యాహ్నం రైలుకు వస్తోంది.

"పోయి పోయి ఆ పిల్లదే దొరికిందా బాబూ నీకు?" అంటూ ఆంటీ గాజుపెంకులు ఏరింది. తర్వాత తన ఆవకాయలో సగం వేరే సీసాలోకి తీసి, "ఇద్దరూ నోరు మెదపొద్దు" అంది.

అక్క వచ్చింది. కోటు కూడా విప్పకుండా మూత తీసి, వేలితో నాకి, కళ్లు తుడుచుకుంది.

"మా అమ్మ చెయ్యి ఎక్కడున్నా తెలిసిపోద్ది ఆంటీ!"

పాప నావైపు చూసింది. కార్పెట్ మీది నూనెమరక కనబడకుండా నేను దానిమీదే నిలబడి ఉన్నాను. అక్క అన్నం కలిపి, "తిను తమ్ముడూ, ఇలాంటిది నీకెక్కడ దొరుకుద్ది" అని మొదటి ముద్ద నాకే పెట్టింది. మింగాను. బాగుందని కూడా అన్నాను.

ఆ మధ్యాహ్నం నాకింకా గడవలేదు. సీసా పడటానికి పట్టింది మాత్రం సుమారు ముప్పావు సెకను. అంతసేపూ త్రాసు ముల్లు సున్నా మీద ఉంది.