లగ్నపత్రికకు నేను చేసిన కలం

ఒక్క కలంతో ముగ్గురు పెద్దల ఒంటి మీద దద్దులు లేపి, కుదిరిన పెళ్లిని మూడు రోజుల్లో చెడగొట్టుకున్న ఘనుడు ఈ చుట్టుపక్కల ఇంకెవరైనా ఉంటే ముందుకు రావచ్చు. ఆయన కాళ్లకు దండం పెట్టి నా స్థానం ఇచ్చేస్తాను. అంతవరకు ఆ గౌరవం నాదే.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు. నాకు ఇరవై మూడేళ్లు. మంచిర్యాలలో ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తాను. మా నాన్నతో, అదే మా బాపుతో కలిసి మంథనిలో పిల్లను చూడటానికి వెళ్లాను. పిల్ల పేరు సుశీల. అటుకులు తెచ్చిపెట్టి తలుపు పక్కన నిలబడింది. సరిగ్గా కట్నకానుకల మాట ఎత్తబోతూ మా బాపు ఇల్లదిరేలా తుమ్మాడు. అందరూ అపశకునమని ముఖాలు మాడ్చుకుంటే ఆ పిల్ల మాత్రం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అంతే. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి అనిపించింది.

ఆమె తండ్రి వెంకటేశం గారు పట్వారి. పొలాలు కొలిచీ కొలిచీ మనుషులను కూడా కొలవడం అలవాటైన మనిషి. నన్ను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి అడిగాడు.

"నౌకరి ఉన్నది, మంచిదే. చేతిపని ఏమన్న వస్తదా?"

రాదంటే సరిపోయేది. కానీ తలుపు పక్క కొంగు కదులుతోంది.

"కట్టెతోని కలాలు చేస్త మామా."

మా బాపు నా వైపు తిరిగాడు. 'ఎప్పటి సంది రా?' అని ఆయన కళ్లు అడుగుతున్నాయి.

"గట్లనా!" అని మామ మురిసిపోయాడు. "మరింకేంది! లగ్నపత్రిక నీ కలంతోనే రాయిద్దాం. ఎనిమిది దినాలకు మంచి ముహూర్తమున్నది."

నాకు కలాల పని ఎంత వచ్చంటే, మా వాడలో వడ్రంగం చేసే వడ్ల రాజలింగం తాత ఖరాదు మీద మంచం కోళ్లు తీస్తుంటే నిలబడి చూసేవాణ్ణి. అంతే. చూస్తేనే పని వచ్చేటట్టయితే మంచిర్యాల స్టేషన్లో కూర్చున్న వాళ్లంతా రైలు నడపాలి.

తాత కాళ్లావేళ్లా పడ్డాను. ఖరాదంటే పెద్ద యంత్రమేమీ కాదు. కట్టెను రెండు మొనల మధ్య బిగించి, దానికి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే కట్టె గిరగిరా తిరుగుతుంది. ఇంకొకరు ఉలి ఆనించి చెక్కుతారు. తాత తాడు పట్టాడు. నేను ఉలి పట్టాను.

"మెల్లగ ఆనియ్యి బిడ్డా."

ఆనించాను. కట్టె ఊడి తాత చెవి పక్కనుంచి దూసుకుపోయి బర్రె కుడితి తొట్టిలో పడింది.

"ఆనియ్యుమన్ననా, పొడువుమన్ననా?"

"ఆనిచ్చిన తాతా!"

"నువ్వు ఆనిస్తెనే గిట్లుంటె, కొడితె ఎట్లుంటదిరా!"

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాకు కోతి కూడా కాలేదు. మొదటిది పిల్లల చిర్రగోనె ఆటలో చిర్రకు, అంటే బిళ్లంగోడులో బిళ్లకు, పనికొచ్చింది. రెండోది నిలువునా చీలింది. మూడోదాన్ని సన్నగా చేస్తూ చేస్తూ చివరికి పళ్లు కుట్టుకునే పుల్ల చేశాను. ఏడో రోజుకు, తాత ఓపిక, టేకు దుంగ రెండూ అయిపోవచ్చేసరికి, ఒక కట్టె కలంలా కనిపించింది. కొసకు ఉక్కు పాళీ గుచ్చాము. ఇక మెరుగు పెట్టాలి. తిరుగుతున్న కట్టెకు లక్క ముక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పూతలా పట్టుకుంటుంది. తాత ఆనిస్తే నున్నగా పట్టింది. నేను ఆనిస్తే బెల్లం పాకంలా ముద్దలు కట్టింది. అదంతా గీకి పారేశాను.

"లక్క వద్దు తాతా. నల్లగ కావాలె. మా మామ జేబుల ఉన్న ఫౌంటెన్ పెన్ను లెక్క నిగనిగ మెరవాలె."

"నల్లగ కావాలంటె తునికి చేవ తేవాలె. అది పుట్టుకతోనే నలుపు. పది దినాలాగు, అడివిల కెల్లి తెప్పిస్త."

"ముహూర్తం రేపే తాతా!"

"మరి గట్లనే ఉండనియ్యి. టేకు రంగుకేమొచ్చింది?"

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. కొత్త పనివాడు మాటెరగడు. ఇంటికొచ్చి అంగీ విప్పుతుంటే కాలరు లోపల చాకలి ఎల్లవ్వ పెట్టిన గుర్తు కనిపించింది. నల్లజీడి గింజ రసంతో పెట్టిన గుర్తు. అంగీ చిరిగిపోతుంది గాని ఆ నలుపు పోదు. ఇంత గట్టి రంగు మెడ మీదే పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నానా అని నా తెలివికి నేనే మురిసిపోయాను. వెంటనే అంగడికి పోయి గుప్పెడు నల్లజీడి గింజలు తెచ్చాను.

అయ్యా, నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఒకటి రెండు రోజులకు దద్దులు లేచి ఉబ్బుతుందని మా దిక్కు పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ అది ఒంటి సంగతి కదా, నేను పూసేది కట్టెకు కదా! ఇదీ నా తర్కం.

గింజలు కాల్చి, దబ్బనంతో పొడిచి, ఆ రసంలో గుడ్డ పేలిక ముంచి కలానికి పట్టించాను. జీడి అంటకుండా చేతుల నిండా నువ్వుల నూనె పోసుకుని పొద్దుగూకేదాకా రుద్దాను. అబ్బ, ఏం నలుపు! ఏం మెరుపు! చెంపకు ఆనించి నునుపు చూసుకున్నాను. ముద్దు కూడా పెట్టుకున్నానేమో, అది మీకు చెప్పను.

మరునాడు మంథనిలో నా కలానిదే రాజ్యం. పంతులు గారు తిథి నక్షత్రాలు లెక్కపెట్టేటప్పుడల్లా దాన్ని కుడి చెవి సందులో పెట్టుకున్నాడు. మామ ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి దస్కతు పెట్టి, ఆ సంబరంలో దాంతోనే మీసం దువ్వుకున్నాడు. సుశీల మేనత్త "ఏదీ, జర చూడనియ్యిండ్రి" అని తీసుకుని, చూసి, వీపు గోక్కుంది.

"అల్లునికి నౌకరి ఎందుకు, గీ చేతులు చాలు!" అన్నాడు మామ. ఆ మాటకు నేను ఇంటి దాకా నేల మీద నడవలేదు.

మరునాటికి నా చెంప దురద పెట్టింది. ఎండ అనుకున్నాను. మూడో నాటికి పెదవి వాచి, కన్ను సగం మూతబడింది. అప్పుడే మంథని నుంచి పంతులు గారు దిగాడు. ఆయన కుడి చెవి పూరీలా పొంగి ఉంది.

"అయ్యో, చెవికేమైంది అయ్యగారూ?" అన్నాడు మా బాపు.

"నా చెవి సంగతి ఇడిశిపెట్టు. పట్వారి మీసం కింద నీటి బుగ్గలు లేచినయ్. వాళ్ల అక్క నిన్నటి సంది బోర్ల పండుకుంటున్నది. పత్రిక రాసినోళ్లకు, పట్టుకున్నోళ్లకు, అందరికి గిదే గతి. గీ సంబంధం అచ్చిరాలే. పత్రిక వాపసు ఇయ్యుమన్నడు."

కొంగు నోట్లో కుక్కుకున్న ఆ నవ్వు ఇక నాది కాదా అనిపించి, నిజం చెబుతున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంతలో బట్టలకు వచ్చిన ఎల్లవ్వ నా ముఖం చూసింది, పంతులు చెవి చూసింది.

"గిదేంది పటేలా, ఇద్దరికిద్దరు జీడి పూసుకున్నరా?"

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా మామ ఇంట్లో అల్లుడి చేతిలో శని. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, పిల్ల పోతుంది. నోరు తెరిస్తే పిల్ల దక్కుతుందో లేదో తెలియదు గాని పరువు మాత్రం తప్పకుండా పోతుంది. వాచిన పెదవితోనే గోదావరి దాటి మంథని పోయాను. మామ అరుగు మీద కూర్చుని మూతికి వెన్న రాసుకుంటున్నాడు.

"మామా, తప్పు లగ్గానిది కాదు. నాది."

"నువ్వేం చేసినవ్?"

"కలానికి జీడి పూసిన."

"జీడా! ఎందుకు?"

"నల్లగ కావాలని."

"అరే, కలాలు చేసుడు వస్తదంటివి?"

"రాదు మామా. గదొక్కటే చేసిన. అది కూడా తాత తాడు గుంజితెనే అయింది."

లోపల తలుపు వెనక ఎవరో పక్కున నవ్వారు. ఎవరో ఏమిటి, ఆమే. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వు విని మామకు కూడా నవ్వొచ్చింది. వెంటనే మూతి పట్టుకుని, "నవ్వియ్యకురా, నొస్తున్నది!" అని మూలిగాడు. కాసేపటికి తేరుకుని, "నిజం చెప్పినవ్ గన్క పిల్లనిస్త. పత్రిక మళ్ల రాయిద్దాం. కలం మాత్రం మేం తెస్తం," అన్నాడు.

పెళ్లి జరిగింది. పంతులు గారు, చెవి తగ్గిన సంతోషంలో, మంత్రాలు గట్టిగానే చదివాడు. పాణిగ్రహణం అన్నారు. నేను చేయి చాపాను. సుశీల తన చేయి సగం దూరం తెచ్చి ఆపేసింది. పందిరంతా చూస్తోంది. తలెత్తకుండా, నాకు మాత్రమే వినబడేలా అడిగింది:

"చేతులు కడుక్కున్నరా?"

అగ్నిసాక్షిగా, అరుంధతి సాక్షిగా, పక్కనే కూర్చున్న మామ మీసం సాక్షిగా ఆ పీట మీదే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఖరాదు తాడు ముట్టను, ఉలి పట్టను, కొన్న కలంతో తప్ప రాయను. ఆ తర్వాత వెళ్లి చేతులు కడుక్కొచ్చాను.