చూస్తూ ఊరుకునే ఉద్యోగం

మా ఊరి పోర్టులో తుపాను వచ్చే ముందు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. చిన్న నంబరైతే జాలరిపేటలో పడవలు ఇసక మీదికి లాగుతారు. పెద్ద నంబరైతే మనుషులు తమని తామే ఎక్కడికైనా లాక్కుపోతారు. మా ఆఫీసుకి అంత మర్యాద లేదు. ఏ సోమవారమో పొద్దున్న, నోట్లో బ్రష్షు ఉండగానే, మెయిల్ వచ్చేస్తుంది: "శుభవార్త! మన టూల్‌లో కొత్త ఫీచర్లు!" ఆ ఆశ్చర్యార్థకాలు చూస్తేనే నాకు నడుం పట్టేస్తుంది.

నా ఉద్యోగం ఏమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు, మా ఆవిడతో సహా. ఎవరైనా వెబ్‌సైట్ తయారు చేసుకుంటే, దాన్ని లోకం మీదికి వదిలే ముందు మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి "ఇందులో ఫలానా పని చేయండి" అంటాం. వాళ్లు ఎక్కడ తడబడతారో, ఎక్కడ తప్పు నొక్కుతారో, ఎక్కడ మమ్మల్ని తిట్టుకుంటారో మా టూల్ రికార్డు చేస్తుంది. పక్కన కూర్చుని చూసేవాణ్ణి నేను. ఒకటే నియమం, సాయం చేయకూడదు. మనిషి మునిగిపోతున్నా గట్టు మీద నిలబడి, "మునుగుతున్నప్పుడు మీకేమనిపిస్తోంది?" అని అడగాలి.

విశాఖపట్నంలో ఇంతకన్నా క్రూరమైన ఉద్యోగం కసాయివాడిది కూడా కాదు. ఇక్కడ ఎవడైనా స్కూటీ వెనక్కి తీస్తుంటే వీధి వీధంతా పనులు మానుకుని "రానీ, రానీ, కొంచెం కట్ సెయ్" అంటుంది. అడ్రసు ఒకణ్ణి అడిగితే ఎనిమిది దిక్కులకీ ఎనిమిది చేతులు లేస్తాయి. అలాంటి ఊళ్లో చూస్తూ ఊరుకున్నందుకు జీతం తీసుకుంటున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఈసారి వచ్చిన ఫీచర్లు మామూలువి కావు. పరీక్షకి కూర్చున్న మనిషి కాసేపు నోరు మూసుకుంటే గంట మోగి, "మీరేం ఆలోచిస్తున్నారు? దయచేసి పైకి చెప్పండి" అని తెలుగులో తీయగా అడుగుతుంది. కెమెరా మనుషుల ముఖం చూసి మనసులో మాట చెబుతుంది. ఇది నా మీదే ప్రయోగించి చూశాను. "విసుగు" అంది. నవ్వాను. "విసుగు." పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. "తీవ్రమైన విసుగు." ఇన్నేళ్ల నుంచీ మా ఆవిడ అంటున్నది నిజమేనని ఒక యంత్రం సాక్ష్యం పలికింది. ఇవి చాలవన్నట్టు, వెబ్‌సైట్ యజమానులు ఎక్కడో కూర్చుని పరీక్షని చాటుగా చూడొచ్చట. కనపడరు, వినపడరు. మరీ ఉండబట్టలేకపోతే నా ఇయర్‌ఫోన్‌లో గుసగుసగా ఒక మాట చెప్పొచ్చు. చివర్లో రిపోర్టు కూడా అదే రాసి పెట్టేస్తుంది. మరి నేనెందుకని అడగాలనిపించింది కానీ, ఆ ప్రశ్న వాళ్లకి గుర్తు చేయడం మంచిది కాదని ఊరుకున్నాను.

ఆ ఫీచర్లతో మొదటి పని ఒక కంటి ఆస్పత్రిది. మా సీతమ్మధారలోనే. డాక్టరు అపాయింట్‌మెంట్లన్నీ ఇకనుంచి వెబ్‌సైట్లోనే ఇస్తామన్నారు. పెద్దవాళ్లు ఎవరి సాయం లేకుండా చేసుకోగలరని మా పరీక్షలో తేలితే ఫోను లైను ఎత్తేస్తారు. తేలకపోతే ఉంచుతారు. అంతే సంగతి.

కానీ ఆ ఫోను మా ఇంట్లో ఒకరికి ప్రాణం. మా అత్తయ్య, అంటే మా ఆవిడ తల్లి, మాతోనే ఉంటుంది. మిషను స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. ఒక కంటికి ఆపరేషనైంది, రెండో కన్ను వరసలో ఉంది. ఆమె మందులు మేం తెస్తాం, ఆమె కళ్లద్దాలు మేం వెతుకుతాం, చర్చికి మేం దింపుతాం. ఆస్పత్రికి ఫోను చేసి డాక్టరు టైము తీసుకోవడం మాత్రం ఆమె సొంత రాజ్యం. ఆ నంబరు ఆమెకి కంఠతా వచ్చు. అవతల ఎత్తే అమ్మాయితో ఆమె మాట్లాడే తీరు వింటే ఇద్దరు దేశాధినేతలు సంధి చేసుకుంటున్నారేమో అనిపిస్తుంది. ఫోను పోతే ప్రతిసారీ నన్నో, కూతుర్నో బతిమాలుకోవాలి. ఆ మాట ఆమె నోటితో అనలేదు. "ఫోన్ తీసేత్తారట గదా" అని మాత్రం అంది, ఎవరో పోయారని చెప్పినట్టు.

పరీక్షకి పెద్దవాళ్లు కావాలంటే మా చర్చి పాటల బృందంలోని ఆడవాళ్లని పిలిచాను. రోజుకి కొందరు చొప్పున మా హాల్లో కూర్చుని చకచకా చేసేశారు. మొదటావిడ కొంచెం తడుముకుంది. రెండో ఆవిడ నుంచి చిన్న స్టేషన్లలో ఆగని ఎక్స్‌ప్రెస్ రైళ్లే. డాక్టరు, తారీకు, టైము, నొక్కు. నిజానికి ఆ సైట్‌లో ఒక గొయ్యి ఉంది. టైము ఎంచుకున్నాక ఖాయం చేసే బటన్ తెర మీద కనపడదు. కిందికి జరిపితే, గోడకి అంటిన పోర్టు బొగ్గుదుమ్ము రంగులో, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. అందరూ ఆ గోతిలో పడాలి. ఎవరూ పడలేదు. మూడో రోజు చివరావిడైతే నేను ప్రశ్న చదవడం పూర్తి చేయకముందే చేసి కుర్చీ లోంచి లేచింది.

"ఇంతకు ముందు ఈ సైట్ చూశారా అక్కా?" అన్నాను.

"నాను సూడ్లేదు బాబూ. పాటల ప్రాక్టీసులో ముందొచ్చినావిడ సెప్పింది. పాట ఆపీసి మరీ సెప్పింది, కిందకి జరిపి బూడిద రంగుది నొక్కండర్రా అని. ఒకళ్లం ఫెయిలైతే ఏం బాగుంటాది సెప్పు? నీ పరువు పోదూ!"

నా పరువు కోసం ఒక సంఘం మొత్తం కాపీ కొట్టింది. టూల్ మాత్రం అందరి ముఖాల మీదా "ఆత్మవిశ్వాసం" అని రాసింది. నాకు ఒళ్లంతా నీరసం కమ్మింది. మళ్లీ మొదట్నుంచీ మనుషుల్ని వెతకడమా? వదిలేద్దాంలే అనుకున్నాను. అందరూ పాస్, ఆస్పత్రి సంతోషం, ఆఫీసు సంతోషం.

ఆ సాయంత్రం ఈ కథంతా నవ్వుతూ అన్నం దగ్గర చెప్పాను. అత్తయ్య నవ్వలేదు. కాపీ అన్న మాట వింటే ఆమె వెన్ను ఇప్పటికీ నిటారవుతుంది. మర్నాడు రావలసిన ఒకావిడకి జ్వరమని కబురొస్తే, "ఆ కుర్చీలో నన్ను కూకోబెట్టు" అంది. చుట్టాలు పనికిరారని మా నియమం. బెంగళూరులో ఉండే మా మేనేజరమ్మాయికి ఫోను చేస్తే, "పర్లేదు సార్, ఆస్పత్రి వాళ్లు చూడ్డానికి సిద్ధంగా ఉన్నారు, కానిచ్చేయండి" అంది. మా ఆవిడ వెంటనే, "కూకోడమేటే అమ్మా, నాను సెప్తాను విను, టైము నొక్కేక కిందకి..." అని మొదలెట్టింది.

"ఇంకొక్క మాటంటే బెంచీ ఎక్కిత్తాను" అంది అత్తయ్య.

ఆమెకి చెవి కొంచెం మందం. అందుకని, టూల్ అడిగేది వినపడేలా, నా ఇయర్‌ఫోన్ తీసేసి శబ్దమంతా స్పీకర్లోకి పెట్టాను. మర్నాడు పొద్దున్న ఆమె చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. మౌసు మీద చేయి వేసి, కళ్లు మూసుకుని, ప్రార్థన మొదలెట్టింది. లోకంలోని కంటి రోగుల దగ్గర బయల్దేరి కరెంటు ఆఫీసు వాళ్ల దాకా వెళ్లి ఉంటుంది, అంతసేపు పట్టింది. గంట మోగింది. "మీరేం ఆలోచిస్తున్నారు? దయచేసి పైకి చెప్పండి."

అత్తయ్య ఒక కన్ను తెరిచింది. "దేవుడితో మాట్లాడతన్నాను. నీతో తర్వాత."

డాక్టరు దొరికాడు. తారీకు దొరికింది. పదింటి టైము మీద నొక్కితే అది నీలంగా మారింది. అక్కడ ఆగిపోయింది. తెర ఆమెని చూస్తోంది, ఆమె తెరని చూస్తోంది. స్టీల్ ప్లాంటులో పనిచేసే మా ఎదురింటి బావ రాత్రి షిఫ్టు దిగి, తలుపు తెరిచి ఉంది కదా అని లోపలికి వచ్చి నా వెనకాల నిలబడ్డాడు.

"ఏటి బావా, పాపం ఆవిడలగ కొట్టుకుపోతంటే సూత్తా కూకున్నావేటి? నువ్వు మనిషివేనా?"

"ఉద్యోగం బావా."

"ఏం ఉద్యోగమో! కొలిమి కాడ మేవే నయం."

వంటింట్లోంచి మా ఆవిడ గరిటె ఊపుతూ కిందకి, కిందకి అని సైగలు చేస్తోంది. అత్తయ్య అటు చూడకూడదని తల తిప్పుకుంది.

"అయిపోయిందా బాబూ?" అంది.

"మీకేమనిపిస్తోంది అత్తయ్యా?" అన్నాను. అడిగినదాన్నే తిప్పి అడగడం మా శాస్త్రం.

"నాకనిపించేది కాదు. నువ్వు సూత్తన్నావు గదా, అయిందా లేదా?"

"అయితే మీకెలా తెలుస్తుందనుకుంటున్నారు?"

"ఇలగ మాటాడేవోణ్ణి మా బళ్లో ఎండలో నిలబెట్టేదాన్ని" అని, మళ్లీ తెర వైపు తిరిగింది. ఆ నీలం చుట్టూ మౌసు బాణం తిప్పుతూ ఉంది. గంట మోగింది. మీరేం ఆలోచిస్తున్నారు?

ఈసారి ఆమె దానికి నిజంగానే జవాబు చెప్పింది.

"ఏటాలోసిత్తన్నానంటే... ఫోనైతే ఆ అమ్మాయి 'రాసుకున్నానమ్మా, పదింటికి వచ్చేయండి, ఎండెక్కాక రాకండి' అంటాది. అప్పుడు అయిందని తెలుస్తాది. ఇది నీలంగా అయింది. నీలమైతే ఏటి? నానింకా ఏదో సెయ్యాలా, వాళ్లు సెయ్యాలా? అయిందని ఎవరు సెప్తారు?"

అప్పుడు స్పీకర్లోంచి ఒక ఆడగొంతు, నా చెవికి మాత్రమే అనుకుని వేసిన గుసగుస, గోడలు అదిరేలా వినపడింది.

"సార్, పాపం సార్... కిందికి జరపమనండి సార్."

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "ఓలమ్మ! నువ్వా తల్లీ!"

ఆస్పత్రిలో ఫోనెత్తే అమ్మాయి. చాటుగా చూసేవాళ్లలో ఆమెనీ కూర్చోబెట్టారని నాకు తెలియదు. ఫోను తీసేస్తే ఆమె ఉద్యోగమే ఉండదు. అయినా ఉండబట్టలేకపోయింది. ఇక దాచి లాభం లేదని, "నేనేనమ్మా. చుక్కల మందు వేసుకుంటున్నారా? కిందికి జరిపితే బూడిద రంగులో..." అంది.

"ఆగు!" అంది అత్తయ్య. ఆ ఒక్క మాటకి ఎదురింటి బావ కూడా చేతులు కట్టుకున్నాడు. "పరీక్ష హాల్లో మాటలేటి? సెప్పకు." మౌసు మీంచి చేయి తీసేసి నా వైపు తిరిగింది. "బాబూ, నాకు రాలేదు. రాలేదని రాయి."

"అత్తయ్యా..."

"రాలేదని రాయి. ఆ పాటలోళ్లకీ రాలేదు. ఒకళ్లకొకళ్లు సెప్పుకున్నారు. వాళ్లంతా పాసైపోయేరని నువ్వు రాసేత్తే ఈ అమ్మాయి ఫోన్ పోతాది. నా ఫోనూ పోతాది."

ఆస్పత్రి పెద్దాయన ఎక్కడో గొంతు సవరించుకున్నాడు. మేనేజరమ్మాయి "సార్, ఏం కాపీ సార్?" అంది. అందరూ చాటునే ఉన్నారు, అందరూ స్పీకర్లో ఉన్నారు. తెర మూలన, కెమెరాకి చిక్కిన నా ముఖం కింద మొట్టమొదటిసారి "విసుగు" కాక వేరే మాట కనపడింది: "భయం".

మర్నాటికి టూల్ తనంతట తానే రిపోర్టు రాసి పెట్టింది. అందరూ తేలిగ్గా చేయగలిగారట. ఒక్కరు తప్ప. ఆ ఒక్కరినీ లెక్కలోకి తీసుకోనక్కరలేదట. దాని కింద "పంపు" అన్న బటన్, అది మాత్రం ఆకుపచ్చగా, పొలమంత వెడల్పుగా, ఎక్కడికీ జరపనక్కరలేకుండా ఉంది. దాన్ని కాసేపు చూశాను. నాకు నిద్ర చాలడం లేదు, మెడ తిరగడం లేదు, సాహసాలు చేసే వయసు కాదు. అయినా ఆ రిపోర్టు చెరిపేసి, పేపరు లీకైనందువల్ల పరీక్ష రద్దు చేయడమైనదని రాసి పంపాను.

"అంతా మళ్లీ చేయాలా సార్?" అంది మేనేజరమ్మాయి.

"చేయాలమ్మా."

"ఎవరు చేస్తారు?"

ఇంకెవరు చేస్తారు!

ఒకరికొకరు తెలియని మనుషుల్ని పట్టుకురావడానికి ఊరంతా తిరిగాను. పెందుర్తి కాలనీలకి వెళ్లిన రోజున బస్సులో నా మోకాళ్లకి వేరే టిక్కెట్టు తీసుకోవాలేమో అన్నంత నొప్పి. మా హాలు గుమ్మంలో అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. మా ఆవిడకి వంటింటి గడప దాటే హక్కు పోయింది. ఎదురింటి బావ తలుపు దగ్గర తచ్చాడితే, "షిఫ్టు దిగేక తొంగో బాబూ" అని పంపేసింది. జాలరిపేట నుంచి వచ్చిన చేపలావిడ, గంట మోగగానే, "ఉండే, సూత్తన్నాను గదా, బేగి బేగి అంటే కుదరదు" అని తెరని కసిరింది. దాదాపు అందరూ అదే గోతిలో, అదే చోట, నిజాయితీగా పడ్డారు. పడ్డవాళ్లందరికీ అత్తయ్య తన చేత్తో టీ ఇచ్చింది. పిల్లల్ని ఫెయిల్ చేసిన రోజున ఆమె ఇంత సంతోషంగా ఉండేది కాదట. మా ఆవిడ చెప్పింది.

ఆస్పత్రి వాళ్లు బటన్‌ని పైకి తెచ్చి రంగు వేస్తామన్నారు. ఫోను ఉంచారు, కానీ పొద్దుటి పూట మాత్రమే. మధ్యాహ్నాలు ఆ అమ్మాయికి వేరే పని. దీన్ని విజయం అనాలో ఏమనాలో తేల్చుకునే ఓపిక నాకు లేదు.

మొన్న పొద్దున్న నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉండగా లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"నానే తల్లీ... ఆఁ, వేసుకుంటన్నాను... మా అల్లుడా? ఉన్నాడు. ఎప్పుడూ ఆ డబ్బాలోనే సూత్తా ఉంటాడు... తిన్నాను. నువ్వు తిన్నావా?"

చాలాసేపు మాట్లాడింది. తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సరిచేసుకుని, నేను అడక్కుండానే చెప్పింది.

"పదింటికి. అయింది బాబూ."