వాళ్ళు తిన్నారా?

శ్రీరామ్మూర్తి మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు: కంటికి కనిపించనివాళ్ళకి కొత్తల్లుడి మర్యాదలు చేయడం. దువ్వాడ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పీ చెప్పీ వాటిని చుట్టాల్లో కలిపేసుకున్నారు. "అవి" అంటే ఊరుకోరు. "వాళ్ళు" అనాలి.

తొంభై ఎనిమిదో సంవత్సరం వానల్లో లారీ షెడ్డు పీపాలు దొర్లి, పాత ఇంజనాయిలంతా నూకాలు మడిలోకి దిగింది. ఆ అయిదు సెంట్ల తోటకూరే ఆమె బతుకు. మాస్టారు వచ్చి మట్టి వాసన చూశారు.

"దిగులుపడకమ్మా. రేపు మావాళ్ళని దింపుతాను."

"ఎంతమంది బాబూ?"

"ఎంత లేదన్నా వంద కోట్లు."

నూకాలు గట్టుమీద కూలబడింది.

"వాళ్ళ సబ్బు వాళ్ళే చేసుకుంటారు. దాంతో మట్టికి పట్టిన నూనె వదిలించి, తినేస్తారు."

"తోమినాక తింతారా? మేం తిన్నాక తోముతాం!"

మడి పండేదాకా అన్నం పంపిస్తానన్నారు మాస్టారు. "నాను ఒకరికాడ ఊరికే తిన్ను," అనేసింది నూకాలు.

వాళ్ళు దిగిన మర్నాడే, చుట్టాలున్నచోట కంపేమిటని, నూకాలు మడంతా ఫినాయిల్ చల్లేసింది. మాస్టారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

"అందరూ పోయారమ్మా!"

"అయ్యో! నాను తానం సెయ్యాలేటి బాబూ?"

వారం ఆగి మళ్ళీ వందకోట్లమందిని తెచ్చారు. అప్పట్నుంచి రోజూ ఒక చేత్తో బెల్లం నీళ్ళు, ఇంకో చేత్తో క్యారియరు. మడి తిరగేసి, నీళ్ళు చల్లి, మట్టికి చెవి ఆనించి, "తిన్నారా?" అని అడిగేవారు. తర్వాత మొహం వేలాడేసేవారు.

"ఆకలి లేదంటున్నారు. పారేస్తే పాపం. నువ్వు తినేయమ్మా."

పప్పన్నం వద్దన్నారు. పెసరట్టు వద్దన్నారు. పులిహోరా వద్దన్నారు. వందకోట్లమందిలో ఒక్కడికీ ఆకలి లేదా? నూకాలుకి ఎంతకీ అర్థంకాలేదు. తింటూనే మడిమీద కేకలేసేది: "ఏటా నీలుగుడు? పెద్దమనిసి పెడతంటే తినరేటి?"

నాలుగు నెలలకు నూనె కంపు పోయింది. ఎర్ర తోటకూర ఏపుగా లేచింది. పరీక్షకి మట్టి పట్టుకెళ్ళడానికి వచ్చిన కాలేజీ అటెండరు గవర్రాజుని అడిగింది: "పులిహోర కూడా ముట్టరేటి బాబూ, ఆళ్ళు?"

"పులిహోరేటి? ఆళ్ళ తిండి నూనే. పైన బెల్లం నీళ్ళు, అంతే."

నూకాలు గట్టుమీది ఖాళీ క్యారియరుకేసి చూసింది. తర్వాత ఫక్కుమని నవ్వింది.

సాయంత్రం మొదటి కట్ట తీసుకుని మాస్టారి గుమ్మంలో నిలబడింది.

"ఎందుకమ్మా ఇది?"

"మీవోళ్ళకి పెట్టబోనాను. ఆకలి నేదన్నారు. పారేత్తే పాపం. మీరు తినీండి."

మాస్టారు కట్ట అందుకున్నారు. వాళ్ళు తిన్నారా అని అడగడం ఆ ఒక్కరోజూ మరిచిపోయారు.