నాకన్నా ఒకరోజు ముందు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. భయపడి కాదు, విసుగొచ్చి. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం సంగతి అని అనను. ఏమనాలో తెలియకే ఇన్నాళ్ళూ రాయలేదు.

తొంభైల చివర్లో రాజమండ్రిలో కుట్టుమిషన్లు అమ్మే షాపులో పనిచేసేదాన్ని. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకి మిషన్ మీద ఎంబ్రాయిడరీ కుట్టి చూపించడం నా ఉద్యోగం. కోనసీమ అంతా నా వంతు. ఒక్కదాన్నే తిరగాలి కాబట్టి బస్సులో పక్క సీటు వాళ్ళతో మాట కలపడం అలవాటైంది. అలా పరిచయమైన వాళ్ళ ఇళ్ళలో భోజనాలు చేశాను. వాళ్ళ పిల్లల పుట్టినరోజులకి కూడా వెళ్ళాను.

ఆ రోజు మధ్యాహ్నం తాటిపాకలో పని. రావులపాలెంలో ఒకమ్మాయి ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు సత్యవేణి. భర్త మస్కట్‌లో ఉంటాడు. తల్లికి జ్వరమని ఆలమూరు వెళ్ళి, అత్తవారింటికి తిరిగి వెళుతోంది. నాలుగేళ్ళ కూతుర్ని అత్తగారి దగ్గర వదిలి వెళ్ళిందట. ఇంట్లో ఫోను లేదు, తను ఈ రోజు వస్తున్నట్టు వాళ్ళకి తెలియదు. కొత్తపేట దాటేసరికి నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. నా పేరు విజయలక్ష్మి అని చెప్పాను. అంతకుముందు ఎప్పుడూ మేం ఒకరినొకరం చూసింది లేదు.

"మామిడికుదురులో దిగి మా ఇంట్లో భోంచేసి వెళుదురుగాని అక్కా. తాటిపాక అక్కణ్ణించి ఎంతోదూరం లేదండి" అంది. సరేనన్నాను.

కాలవగట్టు మీద కాస్త నడిస్తే వాళ్ళ ఇల్లు. పాప అరుగు మీద కూర్చుని ఉంది. తలకి నూనె రాసి, రెండు జడలు వేసి, కొత్త గౌను తొడిగారు. కాళ్ళకి చెప్పులు కూడా ఉన్నాయి. మమ్మల్ని చూడగానే పరుగెత్తుకొచ్చింది. వారం నుంచి తల్లిని చూడని పిల్ల, తల్లిని దాటుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

సత్యవేణి నవ్వింది. నేనూ నవ్వాను.

వాళ్ళ అత్తగారు వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి, "వచ్చేరా అమ్మా. సాయంత్రం కదా వస్తానన్నారు. పాప పొద్దుటే తయారైపోయి కూర్చుందండి" అంది.

ఎవరనుకుంటున్నారో అనుకున్నాను. ఎప్పుడొచ్చానని అడిగాను.

"నిన్నేగా అమ్మా. మా కోడలి స్నేహితురాలినన్నారు. రేపు తను వచ్చేస్తుందన్నారు. దీపాలు పెట్టే వేళకి పాపని పంపితే తాటిపాకలో బొమ్మ కొనిపెట్టి తీసుకొస్తానన్నారు" అని, కోడలి వైపు తిరిగి, "నువ్వు చెప్పి పంపేవనుకున్నాను" అంది.

ముందు రోజంతా నేను షాపులోనే ఉన్నాను. అదే చెప్పాను. నాలా ఉండే ఇంకెవరో అయి ఉంటారన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపింది. పక్కింటావిణ్ణి పిలిచింది. ఆవిడా వచ్చి చూసి, "ఆయ్, ఈవిడేనండి. ఈ గొంతే" అంది.

అప్పటికి ఇంకా నాకు భయం లేదు, చిరాకు మాత్రమే. పోనీ ఆ నిన్న వచ్చినావిడ పేరేం చెప్పిందని అడిగాను.

"వరాలు అన్నారు కదమ్మా."

మా అమ్మమ్మ ఒక్కతే నన్ను వరాలు అని పిలిచేది. ఆవిడ పోయాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు లేరు. నా భర్తకి కూడా తెలియదు.

నా మొహం చూసి సత్యవేణికి ఏదో అర్థమైనట్టుంది. పాపని నా చేతిలోంచి లాక్కుని చంకనెత్తుకుంది. బస్సులో అంతసేపు కబుర్లు చెప్పిన మనిషి నా వైపు చూడటం మానేసింది. నేను మంచినీళ్ళు కూడా తాగకుండా బయటికి వచ్చేశాను. వెనకాల పాప నాతో వస్తానని ఏడుస్తోంది. గేటు గడియ పడిన చప్పుడు వినపడింది.

తాటిపాకలో ఎలా కుట్టి చూపించానో నాకే తెలియదు. రెండుసార్లు సూది విరిగింది. చీకటి పడేదాకా ఆ కుట్టు చూపించే హాల్లోనే, చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళ మధ్య ఉన్నాను. తరవాత షాపు యజమానిని బతిమాలి అటువైపు ఊళ్ళు మార్పించుకున్నాను.

కొన్ని నెలలకి సత్యవేణి నన్ను వెతుక్కుంటూ మా షాపుకి వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి నన్ను చాలాసేపు చూసింది. తరవాత మెల్లగా చెప్పింది.

"ఆ రోజు మీరు వెళ్ళేక, దీపాలు పెట్టే వేళకి మళ్ళీ వచ్చేరక్కా. గేటు బయటే నిలబడ్డారు. మధ్యాహ్నం సంగతి ఒక్క ముక్క కూడా ఎత్తలేదండి. లోపలికి రమ్మంటే రానన్నారు. పాపని గేటు దాకా పంపమన్నారు."

"నువ్వు పంపలేదుగా" అన్నాను.

"పంపలేదండి. తలుపులేసుకుని పాపని పట్టుకుని కూర్చున్నాను. మీరు మధ్యాహ్నం వచ్చి, ముందురోజు వచ్చింది మీరు కాదని అనకపోతే మా అత్తగారు పంపేసేవారే. ఆ మాట చెప్పి వెళ్దామని వచ్చేను."

ఆ వేళకి నేను తాటిపాక హాల్లో ఉన్నానని చెప్పాను. తెలుసంది. అక్కడికి వెళ్ళిన ఆడవాళ్ళని అడిగి కనుక్కుందట. నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసి వెళ్ళిపోయింది. తరవాత పాపని తీసుకుని భర్త దగ్గరికి వెళ్ళిపోయిందని విన్నాను.

మనిషిని పోలిన మనిషి ఉండొచ్చు. సత్యవేణి ఏ రోజు వస్తుందో ఊహించి చెప్పి ఉండొచ్చు. పేరు సంగతి మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు. ఆ రోజు నేను ఆ బస్సు కాక తరవాతి బస్సు ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మాత్రం మానేశాను.

ఇప్పటికీ పని మీద తిరుగుతూనే ఉన్నాను. అప్పుడప్పుడు బస్టాండులో ఎవరో ఒకరు నవ్వుతూ దగ్గరికి వచ్చి, "మీరు మా ఇంటికి వచ్చేరు కదండీ" అంటారు. వచ్చి ఉంటానులెండి అని పక్కకి తప్పుకుంటాను. ఎప్పుడు వచ్చానని మాత్రం అడగను.