కారు పాడుచేసినవాడు

పెద్దయినప్పటి నుంచి చెబుతున్నాను, ఆ కారును పాడుచేసింది నేను కానని. మా ఇంట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. నిన్న టెక్కలి మెకానిక్ షెడ్డులో నా కారు ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడుగుతుంటే, ఆ పెట్రోలు వాసనకు పాత కోపం మళ్లీ లేచింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. పలాసలో మా మావయ్యకు జీడిపప్పు బట్టీ, కొత్త పెట్రోలు కారు ఉండేవి. ఓ రోజు ఆయన బంకు నుంచి డబ్బాలో తెచ్చిన పెట్రోలు పోసి అటు తిరగగానే, వాసన కోసం నేను ట్యాంకుకు ముక్కు ఆనించాను. ఆయన చూశాడు. మర్నాడు కారు కుదుపులు పెట్టి సుమ్మాదేవి ఊరి దగ్గర ఆగిపోయింది.

"ఈడే ఏటో ఏసేసినాడు" అని మావయ్య అందరి ముందూ నా చెవి మెలిపెట్టాడు. నా ఊపిరి లోపలికి పోయే కారు చెడిందని అప్పుడు నేనూ నమ్మేశాను.

మెకానిక్ ఇంజెక్టర్లు విప్పాడు. వాటి సన్నటి రంధ్రాలకు నల్లటి జిగురు పట్టి ఉంది.

"ఇది పిల్లోడి పని కాదు బావూ. జీడినూని జిగురిది. పెట్రోలు ఏ డబ్బాలో తెచ్చినారేటి?"

"నీకెందుకురా? కడిగేసి బిగించు" అన్నాడు మావయ్య.

మర్నాటికి ఆ మెకానిక్ వేళ్లు బొబ్బలెక్కాయి. జీడినూనె తగిలితే అంతేనని పలాసలో అందరికీ తెలుసు. జీడి తొక్కల నూనె నింపే డబ్బాలు మావయ్య బట్టీలోనే వరసగా ఉండేవి. అయినా ఆ ఆదివారం నన్ను ఇంట్లో వదిలేసి, అందరూ కారులో సముద్రానికి వెళ్లారు. ఇప్పటికీ పెళ్లిళ్లలో "కారు మూత జాగర్త, ఈడొచ్చినాడు" అని మావయ్య నలుగురినీ నవ్విస్తాడు.

మావయ్యా, మెకానిక్‌కు నువ్వింకా జవాబు చెప్పలేదు. ఈసారి నవ్వకుండా, ఆ నలుగురి ముందే చెప్పు. ఆ పెట్రోలు ఏ డబ్బాలో తెచ్చావు?