నల్లమందు నాకిన పిల్లలు

నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు పనిలో కంకర కొట్టే తల్లులు పొద్దున్నే ఆవగింజంత నల్లమందు చనుబాలలో రంగరించి పసిపిల్లలకు నాకించేవారు. పిల్లలు సాయంత్రం దాకా గోనెపట్టా మీద నిద్రపోయేవారు. ఏడ్చే పిల్ల ఉంటే మేస్త్రీ పనిలోకి రానిచ్చేవాడు కాదు. సర్కారు నల్లమందు దుకాణాలు మూయించాక మందు దొంగచాటుగా రాసాగింది. అది పాతదానికంటే ఘాటుదని ఎవరికీ తెలియదు. పాత కొలతే పెట్టారు. ఆ ఎండాకాలం నిద్రపోయిన పిల్లలు కొందరు మళ్లీ లేవలేదు.

వాళ్లందరి బొడ్డు కోసింది బీరమ్మ. గొర్లు కాసే మల్లప్ప భార్య. మంద వెంట తిరుగుతూ గొర్ల ఈతలు చూసి చూసి పురుళ్లు పోయడం నేర్చింది. తన చేతిలో పుట్టిన పిల్లలను పాతిపెట్టడం చూడలేక గుడిసె గుడిసెకూ తిరిగింది. మందు పెట్టేవాళ్ల ఇంటికి పురుటికి రానన్నది. కొంగుముళ్లు విప్పి దొరికిన మందును పెంటలో పారేసింది. పిల్లలను తన దగ్గర వదలమన్నది.

కంకర కొట్టే తల్లుల్లో ఒకతె, ఈదమ్మ, నవ్వింది. "గింతమంది పోరగాండ్లను ఎట్ల సంబాళిస్తవ్ అవ్వా? నీకేమన్న నాలుగు చేతులున్నయా?"

"రెండే ఉన్నయి. నీ పిల్లను ఎత్తుకునేటందుకు చాలు."

పిల్లలను తెచ్చి వదిలారు. వాళ్లు పెద్దగా ఏడవలేదు. తల్లులు తన మాట విని మందు మానేశారని బీరమ్మ మురిసింది. ఒక ఉదయం ఈదమ్మ బిడ్డ మేకపాలు పట్టినా మింగలేదు. పెదవులు నల్లబడ్డాయి. కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప సూదిమొనంత అయింది. బీరమ్మ ఆ బిడ్డను భుజాన వేసుకుని కంకర కుప్పల దగ్గరికి పరుగెత్తింది.

ఈదమ్మ తలెత్తలేదు. "జరంత పెట్టినవ్వా. మానిపిస్తే మెలికలు తిరిగి ఏడుస్తాంది. నువ్వు తిడ్తవని చెప్పలే."

వెనక నిలబడ్డ అత్త మైసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "కోడలు నీకు భయపడి మానేసిందనుకున్న. నేను సుత పెట్టిన."

మునుపు మందు అందరి ముందే పెట్టేవారు. ఎవరు పెట్టిందీ ఇంట్లో అందరికీ తెలిసేది. ఇప్పుడు బీరమ్మకు దాచబోయి ఒకరికొకరు దాచుకున్నారు. బిడ్డకు మందు రెండుసార్లు పడింది.

లారీ ఆపి నకిరేకల్ దవాఖానకు బయలుదేరారు. బీరమ్మ ఆ బిడ్డ అరికాళ్ల మీద తడుతూ, ముఖాన నీళ్లు చల్లుతూ, పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నది. ఊరు కనిపించే లోపే ఆ కాళ్లు చల్లబడ్డాయి. అయినా ఆమె తట్టడం ఆపలేదు. ఈదమ్మే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

మరునాడు తల్లులు పిల్లలను తెచ్చి, బీరమ్మ ముఖం చూడకుండా నిలబడ్డారు. ఆమె ఒక్కొక్క పిల్లనే చేతుల్లోకి తీసుకుంటూ అడిగింది.

"పెట్టిండ్రా? ఎవరు పెట్టిండ్రు? చెప్పుండ్రి, నేను తిట్ట."

తల్లుల్లో పుష్పమ్మ ముందుగా తానే పెట్టానన్నది. ఆ వెనక ఇంకొకరు చెప్పారు. బీరమ్మ ఆ పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని, వాళ్ల ముక్కుల దగ్గర వేలు ఆనించి ఊపిరి చూస్తూ పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నది.